నిర్మాణ స్థలాల్లో కార్మిక చట్టాల తనిఖీ: అధికారికి ఉన్న అధికారం ఎంత, అది ఎవరి వైపు తిరిగి ఉంది?

కొలతబద్ద (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. నేను పన్నెండేళ్లుగా బహుళ అంతస్తుల నిర్మాణాల్లో సైటు ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పోయిన నెల మా సైటుకు కార్మిక శాఖ తనిఖీ వచ్చింది. వస్తున్నారన్న సంగతి మా కార్యాలయానికి రెండు రోజుల ముందే తెలిసింది. ఆ రెండు రోజుల్లో హాజరు పట్టీలు కొత్తగా రాశారు. పన్నెండో అంతస్తు అంచున అంతవరకూ లేని రెయిలింగు ఒక్క రాత్రిలో లేచి నిలబడింది. ఏ పట్టీలోనూ పేరు లేని సుమారు నలభై మందిని ఆ పూటకు పక్క సైటుకు తరలించారు. వచ్చిన అధికారి గంటన్నర సేపు ఆఫీసు గదిలో రిజిస్టర్లు చూసి, ఇద్దరు కార్మికులతో, అదీ లేబర్ కాంట్రాక్టరు పక్కనే నిలబడి ఉండగా మాట్లాడి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. మరుసటి వారం ఆ రెయిలింగు పైపులు విప్పి రెండో టవరుకు తీసుకుపోయారు.

ఆ రోజు నేను నోరు విప్పలేదు. అప్పటి నుంచి ఆ విషయం నన్ను తొలుస్తూనే ఉంది. నిజానికి ఆ అధికారికి చట్టం ఎంత అధికారం ఇచ్చింది? చెప్పకుండా రావచ్చా? కాంట్రాక్టరును పక్కకు పంపి కార్మికులను విడిగా అడగవచ్చా? అడిగినప్పుడు నాలాంటి ఉద్యోగి నిజం చెబితే అతనికి రక్షణ ఏమైనా ఉందా? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

న్యాయపథం (విజయవాడ)

కొలతబద్ద గారూ, అధికారం కాగితం మీద తక్కువేమీ లేదు. 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టంలో 42వ సెక్షన్ ఇన్‌స్పెక్టర్ల నియామకం గురించీ, 43వ సెక్షన్ వారి అధికారాల గురించీ చెబుతాయి. పని జరుగుతున్న ఏ స్థలంలోకైనా సహేతుకమైన వేళల్లో ప్రవేశించవచ్చు, అక్కడున్నవారిని విచారించవచ్చు, రిజిస్టర్లు, వేతన రికార్డులు, నోటీసులు తెప్పించుకుని చూడవచ్చు, నేరం జరిగిందని నమ్మడానికి కారణం ఉంటే వాటిని స్వాధీనం చేసుకోవచ్చు. ముందుగా కబురు చేసి రావాలని ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. అధికారిని కావాలని అడ్డుకున్నా, అడిగిన రికార్డు ఇవ్వకపోయినా 49వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలుండేది. ఈ వెయ్యి రూపాయల అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. కోట్ల రూపాయల నిర్మాణంలో తలుపు మూసేసినందుకు పడిన జరిమానా అది.

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్లు) అమల్లోకి వచ్చాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి 1996 చట్టం స్థానాన్ని తీసుకుంది. పరివర్తన కాలంలో పాత నిబంధనలు కొనసాగుతాయని కేంద్రం ప్రకటించింది కనుక కొంతకాలం రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవక తప్పదు. కొత్త స్మృతిలో ఇన్‌స్పెక్టరు పేరు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’ అయింది. అంటే తనిఖీ చేయడంతో పాటు సలహా ఇవ్వడం కూడా ఆయన విధి. కొలతలు, ఫోటోలు, వీడియోలు తీసుకునే అధికారాన్ని స్పష్టంగా రాశారు. ప్రాణాపాయం ఉందనిపిస్తే, ఆ అపాయం తొలగేదాకా నిర్మాణ స్థలంలో పనిని నిషేధించే ప్రత్యేక అధికారం కూడా ఉంది. విధులను ఉల్లంఘించినందువల్ల మరణం సంభవిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా లేదా రెండూ పడతాయి. ఆ జరిమానాలో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే వీలు కోర్టుకు ఉంది.

విడిగా విచారించవచ్చా అన్న ప్రశ్నకు నా సమాధానం ఇది. కాంట్రాక్టరు సమక్షంలోనే విచారించాలని 43వ సెక్షన్ ఎక్కడా అనదు. ఆయనను పక్కకు వెళ్లమనడానికి అధికారికి కొత్త అధికారం ఏదీ అక్కర్లేదు.

పాత ఫైలు (వరంగల్)

నేను కార్మిక శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. న్యాయపథం గారు చెప్పినదంతా సరైనదే. అయితే లోపలి నుంచి చూస్తే కనిపించే ఒక సంగతిని ఎవరూ పట్టించుకోరు. దాన్ని ముందుగా చెప్పాలి.

నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కట్టాలన్నది 1996 నాటి మరో చట్టం. ఆ సొమ్ము నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలికి చేరుతుంది. 1998 సెస్సు నిబంధనల ప్రకారం, స్థానిక సంస్థ అనుమతి అవసరమైన కట్టడానికి ఆ సొమ్మును అనుమతి సమయంలోనే, అంచనా వ్యయం మీద ముందస్తుగా తీసుకుంటారు. వసూలు పద్ధతిగా ఇది బాగానే ఉంది. అయితే దీనితో జరిగిందేమిటంటే, పునాది తవ్వకముందే డబ్బు ఖజానాకు చేరిపోతుంది, ఆ తరువాత ఆ స్థలంలోకి ప్రభుత్వపు మనిషి అడుగుపెట్టడానికి లెక్కల పరంగా ఏ కారణమూ మిగలదు. పని మొదలుపెట్టడానికి 30 రోజుల ముందు ఇన్‌స్పెక్టరుకు నోటీసు ఇవ్వాలని నిర్మాణ కార్మికుల చట్టం 46వ సెక్షన్ చెప్పేది. మా కార్యాలయానికి వచ్చిన అలాంటి నోటీసులను, పురపాలక సంఘం ఇచ్చిన అనుమతుల జాబితా పక్కన పెట్టి చూసినప్పుడు, రెండింటికీ పొంతనే ఉండేది కాదు. సెస్సు కట్టిన ప్రతి కట్టడానికీ చిరునామా ఉంది, నోటీసు మాత్రం లేదు. తనిఖీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియజేయడానికి ఈ ఒక్క పోలిక చాలు.

2018 మార్చి 19న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు మదన్ బి. లోకూర్, దీపక్ గుప్తా ఇచ్చిన తీర్పులో 37,400 కోట్ల రూపాయలకు పైగా సెస్సు వసూలైతే ఖర్చయింది సుమారు 9,500 కోట్లేనని నమోదైంది. ఆ అంకెలను అందరూ ఖర్చు కోణంలోనే చూస్తారు. నాకు వాటిలో మరొకటి కూడా కనిపిస్తుంది. అంత సెస్సు వచ్చిందంటే దానికి నూరింతల విలువైన నిర్మాణం ప్రభుత్వం దృష్టిలో ఉన్నట్టే. ఆ స్థలాలు ఎక్కడున్నాయో తెలియదని ఏ శాఖా చెప్పుకోలేదు.

ఇక తనిఖీ పద్ధతి. ఒక సహాయ కార్మిక అధికారికి దుకాణాలు, హోటళ్లు, బీడీ కార్ఖానాలు, నిర్మాణాలు, సంక్షేమ మండలి దరఖాస్తులు అన్నీ కలిపి కొన్ని మండలాలు అప్పగిస్తారు. ఆయన ఆఫీసు గదిలో కూర్చుని రిజిస్టరు చూడడానికి అలసట కూడా ఒక కారణమని నేను ఒప్పుకుంటాను. అయినా నేను నేర్చుకున్నది చెబుతాను. నేను సైటు ఆఫీసుకు ముందుగా వెళ్లేవాడిని కాదు. తెల్లవారుజామున కార్మికులు ఉండే రేకుల షెడ్ల దగ్గరికి వెళ్లి, వెలిగిన పొయ్యిలు లెక్కపెట్టేవాడిని. ఒక్కో పొయ్యి మీద ఎందరికి వండుతున్నారో అడిగితే ఎవరూ దాచరు, అది భయపడే ప్రశ్న కాదు గనుక. ఆ లెక్కకూ హాజరు పట్టీకీ మధ్య ఉన్న తేడాయే నా తనిఖీ నివేదిక. రిజిస్టరును ఒక రాత్రిలో తిరగరాయవచ్చు గానీ అన్నం గిన్నెలను తిరగరాయలేరు.

గృహనిర్మాత (గుంటూరు)

పెద్దల అనుభవాన్ని గౌరవిస్తూనే చిన్న బిల్డర్ల తరఫున కొన్ని మాటలు రాస్తున్నాను. నేను మూడు నాలుగు అంతస్తుల అపార్టుమెంట్లు కడతాను. సొంత నివాసానికి పాత చట్టంలో 10 లక్షల రూపాయల వ్యయం వరకు మినహాయింపు ఉండేది, ఇప్పుడది 50 లక్షలకు పెరిగింది. మాకు ఆ మినహాయింపు వర్తించదు. పదిమంది పనివాళ్లున్న ప్రతి స్థలమూ చట్టం కిందికి వస్తుంది.

చెప్పకుండా వచ్చే తనిఖీ అంటే గతంలో మాకు ఎదురైన అనుభవం వేరు. తప్పు ఉన్నా లేకపోయినా, వచ్చినవారిని ఏదో ఒకటి ఇచ్చి పంపించవలసి వచ్చేది. ఒకసారి స్లాబు పోస్తున్న రోజునే వచ్చి పని ఆపిస్తామన్నారు. సగం పోసిన స్లాబును ఆపితే అతుకు పడుతుందని, నీరు కారుతుందని వారికి తెలుసు. నేను ఏం చేశానో ఇక్కడ రాయలేను. 2014 అక్టోబరు 16న కేంద్రం శ్రమ సువిధ పోర్టల్ ప్రారంభించి, ఎక్కడ తనిఖీ చేయాలో కంప్యూటరే ఎంపిక చేస్తుందనీ, 72 గంటల్లో నివేదికను పోర్టల్‌లో పెట్టాలనీ చెప్పినప్పుడు నాలాంటివారు సంతోషించింది ఇందుకే. ఆ ఏర్పాటు కేంద్రం పరిధిలోనిది, మాకు నేరుగా వర్తించేది కాదు. అయినా మాకు కావలసిన దారి అదేనని అనిపించింది. వేతనాల స్మృతిలో మొదటిసారి తప్పుకు ప్రాసిక్యూషన్ వేసే ముందు సరిదిద్దుకోవడానికి గడువు ఇవ్వాలన్న 54వ సెక్షన్ కూడా న్యాయమైనదే. అధికారాలు పెంచమని అడిగేవారు, ఆ అధికారం చేతులు మారే చోటును కూడా ఆలోచించాలని నా విన్నపం.

యారా తీరం (మెల్‌బోర్న్)

గృహనిర్మాత గారి ఆందోళన చదివాక, నేనుంటున్న దేశంలో జరిగింది చెబితే ఉపయోగపడుతుందనిపించింది. ఆస్ట్రేలియాలో నిర్మాణ రంగానికి ప్రత్యేక దర్యాప్తు సంస్థ ఉండాలా వద్దా అన్న చర్చ ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. టెరెన్స్ కోల్ నేతృత్వంలోని రాయల్ కమిషన్ 2003లో నివేదిక ఇచ్చిన తరువాత, 2005లో చట్టం చేసి ఆ ఏడాది అక్టోబరు 1న ఆస్ట్రేలియన్ బిల్డింగ్ అండ్ కన్‌స్ట్రక్షన్ కమిషన్‌ను ఏర్పాటు చేశారు. దాని చేతిలో ఉన్న అధికారం మామూలుది కాదు. ఆ చట్టం 52వ సెక్షన్ కింద ఎవరినైనా పిలిపించి, ప్రమాణం చేయించి, ప్రశ్నలకు జవాబు చెప్పించవచ్చు. జవాబు తనకే నేరాన్ని అంటగడుతుందన్నా మౌనంగా ఉండడానికి వీల్లేదు. అలా చెప్పిన జవాబును సాధారణంగా అతని మీదే సాక్ష్యంగా వాడకూడదన్నది ఒక్కటే ఊరట. నిరాకరిస్తే ఆరు నెలల జైలు.

ఆ నోటీసు అందుకున్నవారిలో ఆర్క్ ట్రైబ్ అనే దక్షిణ ఆస్ట్రేలియా కార్మికుడు ఒకరు. 2008లో అడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయ నిర్మాణ స్థలంలో భద్రత సరిగా లేదని కార్మికులు సమావేశమయ్యారు. ఆ సమావేశంలో ఏం జరిగిందో చెప్పమని కమిషన్ పిలిచింది, ఆయన వెళ్లలేదు. కేసు నడిచి 2010 నవంబరు 24న నిర్దోషిగా బయటపడ్డారు. భద్రత లేదని మాట్లాడుకున్న మనిషిని రెండేళ్లకు పైగా జైలు భయంలో ఉంచిన ఆ కమిషన్‌కు, ఆ స్థలంలో భద్రతను తనిఖీ చేసే పని లేదు. అది రాష్ట్రాల భద్రతా నియంత్రణ సంస్థల పని. విచిత్రమైన అమరిక అది. దీని మీద 2009లో మాజీ న్యాయమూర్తి ముర్రే విల్‌కాక్స్ ఇచ్చిన నివేదిక నాకు నచ్చుతుంది. ఆయన బలవంతపు విచారణ అధికారాన్ని తీసేయమనలేదు. ప్రతి నోటీసుకూ పరిపాలనా ట్రైబ్యునల్‌లో అధ్యక్ష హోదా గల సభ్యుడి అనుమతి ఉండాలన్నారు, ఐదేళ్లకు ఆ అధికారం దానంతట అదే ముగిసేలా చూడమన్నారు.

2012లో కమిషన్ పోయి చిన్న సంస్థ వచ్చింది. 2016 డిసెంబరులో మళ్లీ కమిషన్ వచ్చింది. 2023 ఫిబ్రవరి 6న రద్దయి, దాని పని అన్ని రంగాలనూ చూసే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ చేతికి వెళ్లింది. కమిషన్ ఉండాలన్నవారి వాదన కూడా తేలికగా తీసిపారేయదగింది కాదు. 2024 ఆగస్టులో నేరస్థుల చొరబాటు ఆరోపణల నేపథ్యంలో అక్కడి ప్రధాన నిర్మాణ కార్మిక సంఘం నిర్మాణ విభాగాన్ని ప్రత్యేక చట్టంతో పాలనాధికారి కిందికి తెచ్చారు. అంటే దర్యాప్తు చేయవలసినది నిజంగానే ఉంది. నేను చెప్పేది ఒక్కటే. ఒక సంస్థకు ఎంత అధికారం ఉందని అడిగే ముందు, ఆ అధికారం ఎక్కువసార్లు ఎవరి ముఖం మీద టార్చి వేసిందో చూడాలి.

పాలమూరు ఆడబిడ్డ (మహబూబ్‌నగర్)

మా అమ్మానాన్నలు ఇరవై ఏళ్లు సెంట్రింగు పనికీ, కాంక్రీటు పనికీ వలస వెళ్లారు. నేను సైట్ల దగ్గరి రేకుల షెడ్లలోనే పెరిగి, ఇప్పుడు కార్మికుల పిల్లలకు చదువు చెబుతున్నాను. పాత ఫైలు గారి పొయ్యిల లెక్క చదివి కళ్లు చెమర్చాయి. ఎందుకంటే మా అమ్మ పేరు ఏ హాజరు పట్టీలోనూ ఉండేది కాదు. జోడీకి ఇంత అని కూలి కట్టి నాన్న చేతికి ఇచ్చేవారు. పట్టీలో ఒక్క పేరే ఉండేది. అమ్మకు సమాన వేతనం ఇచ్చారా లేదా అని తనిఖీ చేయాలంటే ముందు ఆమె అక్కడ ఉన్నట్టు కాగితం ఒప్పుకోవాలి కదా.

కార్మికుడిని విడిగా అడిగితే నిజం చెబుతాడని ఇక్కడ అందరూ అనుకుంటున్నట్టున్నారు. నాకు గుర్తున్న ఒక సంఘటన చెబుతాను. నాకు పదేళ్ల వయసులో ఒక అధికారి వచ్చి, ఎంత కూలి ఇస్తున్నారని నాన్నను అడిగారు. నాన్న నిజం చెప్పారు. ఆయన జీపు రోడ్డెక్కకముందే మేస్త్రీ వచ్చి, అడ్వాన్సు బాకీ కట్టి సామాను సర్దుకోమన్నాడు. ఆ రాత్రి మేం బస్టాండులో పడుకున్నాం. అధికారి మీద నాకు కోపం లేదు, ఆయన తన పని చేశారు. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు మూల్యం చెల్లించింది మా నాన్న. ఇప్పుడు సైట్లలో ఎక్కువమంది ఒడిశా, బిహార్, జార్ఖండ్ వాళ్లు. వాళ్లకు అధికారి భాష కూడా రాదు. మధ్యలో అనువాదం చేసేది ఆ మేస్త్రీయే.

న్యాయపథం (విజయవాడ)

అమ్మా, మీరు రాసిన దానికి చట్టం ఇచ్చే జవాబు బలహీనమైనదే, అయినా లేకపోలేదు. కార్మిక తనిఖీకి సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 81వ ఒడంబడిక 1947 నాటిది, మన దేశం దాన్ని 1949లో ఆమోదించింది. ముందస్తు నోటీసు లేకుండా పగలైనా రాత్రయినా ఏ వేళనైనా ప్రవేశించే హక్కు ఇన్‌స్పెక్టరుకు ఉండాలని 12వ అధికరణం చెబుతుంది. ఫిర్యాదు ఎవరి నుంచి వచ్చిందో పూర్తిగా గోప్యంగా ఉంచాలనీ, ఫిర్యాదు వల్లే తనిఖీకి వచ్చానన్న సంగతి కూడా యజమానికి తెలియనివ్వకూడదనీ 15వ అధికరణం అంటుంది. మన 1996 చట్టంలోని ‘సహేతుకమైన వేళలు’ అన్న మాటను ఈ వెలుగులో చదవాలని నా అభిప్రాయం. రాత్రి పది గంటలకు కాంక్రీటు పోస్తున్న స్థలానికి రాత్రి పది గంటలే సహేతుకమైన వేళ.

యారా తీరం గారు చెప్పిన బలవంతపు జవాబు పద్ధతి ఇక్కడ లేదు. తనకు నేరం అంటగట్టే జవాబు చెప్పమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదని ఫ్యాక్టరీల చట్టం 9వ సెక్షన్ కూడా స్పష్టంగా రాసింది. అది అలాగే ఉండాలి. మనకు కావలసింది నోరు తెరిపించే అధికారం కాదు. నోరు తెరవకుండానే నిజం బయటపడే దారులు కావాలి. వేతనాల స్మృతి 59వ సెక్షన్ ప్రకారం బకాయి చెల్లించానని నిరూపించే భారం యజమానిదే, క్లెయిముకు మూడేళ్ల గడువు ఉంది. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ప్రధాన యజమాని (అంటే పనిని కాంట్రాక్టుకు ఇచ్చినవారు) చెల్లించాలన్న సూత్రం 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం నుంచే ఉంది. ఇంకొకటి, 1996 చట్టం 54వ సెక్షన్ కింద రిజిస్టరైన కార్మిక సంఘమో, స్వచ్ఛంద సంస్థో నేరుగా కోర్టులో ఫిర్యాదు చేసే వీలుండేది. దాన్ని వాడుకున్నవారు నా అనుభవంలో చాలా తక్కువ. నేరం సంగతి తెలిసిన మూడు నెలల్లోపే ఫిర్యాదు చేయాలన్న గడువును కూడా చాలామంది గమనించలేదు.

గృహనిర్మాత (గుంటూరు)

పాలమూరు ఆడబిడ్డ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా సైట్లలోనూ జోడీ లెక్కనే కూలి ఇస్తున్నాం. ఈ వారం నుంచి ఇద్దరి పేర్లూ విడిగా రాయమని మా సూపర్‌వైజరుకు చెప్పాను. ముందస్తు నోటీసు విషయంలో మాత్రం నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. రిజిస్టర్లు చూసే తనిఖీకి రెండు రోజుల ముందు చెబితే నష్టం లేదు, రికార్డు సిద్ధంగా ఉంటుంది. ఎత్తులో పని, లోతైన సెల్లార్ తవ్వకం, క్రేన్లు, వీటి తనిఖీకి మాత్రం చెప్పకుండానే రావాలని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అయితే వచ్చిన అధికారి ఫోటోలు తీసి, సమయంతో సహా అక్కడికక్కడే నమోదు చేసి, ఒక ప్రతి నాకు ఇచ్చి వెళ్లాలి. అప్పుడు బేరానికి చోటు ఉండదు.

పాత ఫైలు (వరంగల్)

గృహనిర్మాత గారి చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మొదటి మాటతో ఏకీభవించలేను. రెండు రోజుల్లో రికార్డు సిద్ధంగా ఉండదండీ, తయారవుతుంది.

కార్మికుడిని బలిపెట్టకుండా నిజం తెలుసుకునే మార్గం సైటులోనే ఉంది. కొలతబద్ద గారికి అది బాగా తెలిసి ఉండాలి. ప్రతి స్లాబు పోసిన రోజు కాంక్రీటు నమూనాలు తీసి క్యూబు రిజిస్టరులో తేదీ రాస్తారు. మిక్సరు లారీ తెచ్చిన చలానాలో బయలుదేరిన సమయం, ఖాళీ చేసిన సమయం ఉంటాయి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు వాహనాల పుస్తకం రాస్తారు. ఇవి నాణ్యత కోసం, బిల్లుల కోసం రాసుకున్నవి కనుక వీటిని ఎవరూ తిరగరాయరు, రాస్తే సిమెంటు లెక్క తప్పుతుంది. రాత్రి ఒంటిగంటకు ఇరవై లారీల కాంక్రీటు దిగినట్టు చలానాలు ఉండి, ఆ రాత్రి హాజరు పట్టీ ఖాళీగా ఉంటే, ఓవర్‌టైము ఎగ్గొట్టారని ఏ కార్మికుడూ చెప్పనక్కర్లేదు. పాత చట్టంలో స్వాధీనం చేసుకునే అధికారం రిజిస్టర్లు, వేతన రికార్డులు, నోటీసుల వరకే ఉండేదని నాతో వాదించిన యాజమాన్యాలు ఉన్నాయి. కొత్త స్మృతిలో పత్రాలు అన్న మాట విస్తృతంగా ఉంది, ఫోటో తీసుకునే అధికారమూ ఉంది. నా ఉద్యోగ కాలంలో అది లేకపోయిందే అని బాధ కలుగుతోంది.

కొలతబద్ద (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. మూడు రోజులుగా ఈ చర్చను చదువుతున్నాను. క్యూబు రిజిస్టరు రాసేది నేనే. పోయిన రెండు నెలల్లో పదకొండు రాత్రులు కాంక్రీటు పోశాం, హాజరు పట్టీలో వాటిలో రెండు రాత్రులే ఉన్నాయని నిన్న సరిచూసుకున్నాను. కార్మికుల పేర్లు ఏవీ లేకుండా, ఈ పదకొండు తేదీలూ, వేళలూ, రెయిలింగు విప్పిన తేదీ, అంతస్తు మాత్రమే రాసి, జిల్లా కార్మిక శాఖ పై అధికారికి ఫిర్యాదు సిద్ధం చేశాను. ఫిర్యాదుదారు సంగతి గోప్యంగా ఉంచాలని న్యాయపథం గారు చెప్పిన ఒడంబడికను ప్రస్తావించాను. తనిఖీకి రావలసిన వేళను కూడా అందులో అడిగాను. వచ్చే గురువారం రాత్రి పద్నాలుగో అంతస్తు స్లాబు ఉంది, పని తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. ముందుగా షెడ్ల దగ్గరికి, తరువాత పైకి, చివరగా ఆఫీసు గదికి రావలసిందిగా రాశాను. పంపే ముందు న్యాయపథం గారు ఒకసారి చూస్తే బాగుంటుంది. వారికి విడిగా సందేశం పెడుతున్నాను.